పడక ఇచ్చే ముందు పేరు అడుగుతున్నారు

(అంతర్జాతీయ వృద్ధుల దినమైన అక్టోబరు 1న ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సభలో చదివిన ప్రసంగ పాఠం)

ఈ సభకు ముస్లిమేతర మిత్రులు కూడా పలువురు విచ్చేశారు. వారిలో ఇద్దరు ముగ్గురు వృద్ధాశ్రమాల నిర్వాహకులు ఉన్నారని ఇప్పుడే తెలిసింది. వారికి మా ప్రత్యేక నమస్కారాలు. మేము చెప్పబోయే మాటలలో కొన్ని వారికి కటువుగా తోచవచ్చు. మరికొన్ని మన మస్జిదు కమిటీల పెద్దలకు అంతకన్నా కటువుగా తోచవచ్చు.

మైనారిటీ హక్కులను గూర్చి మాట్లాడమని మమ్మల్ని పిలిచినప్పుడల్లా చదువు, ఉద్యోగం, రిజర్వేషను, వక్ఫ్ భూమి, ఈ నాలుగింటి చుట్టూనే మాట తిరుగుతుంటుంది. నేడు వాటిని పక్కన పెడుతున్నాము. డెబ్బై ఏండ్లు దాటి, నడుము వంగి, ఒక పడక కోసం వృద్ధాశ్రమం గడప ఎక్కిన మనిషిని గురించి మాట్లాడతాము. ఆ మనిషి ఏ ఉద్యోగమూ కోరడు, ఏ కళాశాలలో సీటూ కోరడు. రెండు పూటలా అన్నం, వేళకు మందు, మరుగుదొడ్డి దాకా పట్టుకొని నడిపించే ఒక చేయి. ఇంతే కోరేది. 2011 జనగణన నాటికే దేశంలో 60 ఏండ్లు దాటినవారు పది కోట్లకు పైబడి ఉన్నారు. పిల్లలు గల్ఫుకో, బెంగుళూరుకో, పక్క జిల్లాకో పోయిన ఇండ్లు అన్ని మతాలలోనూ ఉన్నవి.

గడచిన రెండేండ్లుగా మా మిత్రబృందం వీలైనప్పుడల్లా వృద్ధాశ్రమాలకు వెళ్లి వస్తున్నది. అక్కడ విన్నవాటిలో ఒకటి చెప్పకుండా మిగిలినవి చెప్పలేము.

కోస్తాలోని ఒక పట్టణం. ట్రస్టు నడుపుతున్న ఆశ్రమం. నలుగురు మెచ్చుకొనే ఆశ్రమమే. అక్కడ చేరిన ఒక వృద్ధురాలికి ఇరు మతాలవారూ పెట్టుకొనే పేరు ఉన్నది. మస్తాన్, దస్తగిరి వంటి పేర్లు మన జిల్లాలలో హిందువుల ఇండ్లలోనూ ఉంటాయని మీకు తెలుసు. మొక్కుకొని పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుకొంటారు. రిజిస్టరు రాసే గుమాస్తా ఆమెను అడగకుండానే మతం అన్న గడిలో 'హిందూ' అని రాసుకొన్నాడు. ఆమె దిద్దలేదు. నాలుగేండ్లు ఆమె అక్కడ ఉన్నది. సాయంత్రం భజనలో అందరితోపాటు కూర్చొనేది. దూరాన అజాన్ వినబడితే పైట కొంగు మాత్రం తలమీదికి జరిగేది. ఆ సంగతి కనిపెట్టినది ఒక్క ఆయా. ఆమె ఎవరికీ చెప్పలేదు.

చివరి రెండు రోజులలో, మాట తడబడుతున్న వేళ, ఆ వృద్ధురాలు ఆయా చేయి పట్టుకొని ఒక్క మాట అన్నది: "నన్ను కాల్చవద్దని చెప్పు తల్లీ."

ఆయా వెళ్లి మేనేజరుకు చెప్పింది. ఆయన గాభరా పడ్డాడు. అయినా దగ్గరలోని మస్జిదు ఇమాము గారికి ఫోను చేశాడు. అది ఆయన మంచితనం. అక్కడినుంచి మాకు కబురు వచ్చింది. మేము చేరేసరికి ప్రాణం పోయింది. మన ఆడవాళ్లు నలుగురు వచ్చి గుసుల్ చేయించి కఫన్ తొడిగారు. ఇషా నమాజు తరువాత జనాజా, ఖబరస్తాన్. బంధువులని ఎవరూ రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ మేనేజరు మాతో అన్న మాట ఇది: "మేము అడిగి ఉంటే ఆమె చెప్పేదేమో. చెప్పి ఉంటే మేము చేర్చుకొని ఉండేవాళ్లమా అన్నది నాకే తెలియడం లేదు." ఇంతటి నిజాయితీ గల జవాబు ఈ విషయంలో మాకు మరెక్కడా దొరకలేదు.

ఆయాను అడిగాము, ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా అని. "ఆమె సంగతి నాకు తెలుసు, నా సంగతి ఆమెకు తెలుసు" అన్నది. విషయం ఏమంటే, ఆ ఆశ్రమంలో కొందరు వృద్ధులు ఈ ఆయా చేతి మంచినీళ్లు తాగరు. కారణం మీరు ఊహించగలరు. గొడవ ఎందుకని మేనేజరు ఆమెకు మరుగుదొడ్ల పనీ, మంచం దిగలేనివారి పనీ అప్పగించాడు. నీళ్లు ఇచ్చే పని మరొకరికి ఇచ్చాడు. ఒళ్లు తుడవడానికి పనికివచ్చిన చేయి, గ్లాసు అందించడానికి పనికిరాలేదు. మన వృద్ధురాలు మాత్రం ఆమె చేతినుంచే నీళ్లు తాగేది.

ఒకరు పేరు దాచి పడక దక్కించుకొన్నారు. మరొకరు కులం తెలిసిపోయి పనిలో దూరమయ్యారు. ఈ రెండూ ఒకే కప్పు కింద జరిగినవి. అందుచేతనే దీనిని కేవలం ముస్లింల సమస్యగా చెప్పడానికి మాకు మనసు రాదు.

నిర్వాహకులను అడిగితే జవాబులు దాదాపు ఒకే తీరున వస్తాయి. మొదటిది, "మాది శాకాహార ఆశ్రమమండీ." శాకాహార వంటశాలతో మాకు ఏ తగవూ లేదు. మధుమేహము, రక్తపోటు, ఊడిపోయిన పళ్లు. ఆ వయసులో మాంసం తినగలిగేవారు ఎందరు? మన ఇండ్లలోనే నానమ్మలు చారన్నం, పెరుగన్నంతో వెళ్లదీస్తున్నారు. బిర్యానీ పెట్టమని ఏ వృద్ధుడూ మాతో అనలేదు. 'మేము వండేది ఇది, ఇష్టమైతే ఉండండి' అనడం ఒకటి. పేరు విన్న తరువాత వంటశాలను గుర్తు తెచ్చుకోవడం మరొకటి.

ఏమి కోరుతున్నారు మరి? మేము అడిగి తెలుసుకొన్నవి చాలా చిన్నవి. మరుగుదొడ్డిలో చేతికి అందే ఎత్తులో ఒక చెంబు నీళ్లు. పశ్చిమం ఎటో తెలిసేలా గోడమీద ఒక గుర్తు. స్నానం చేయించడానికి ఆడవారికి ఆడమనిషి. ఇది హిందూ స్త్రీలూ క్రైస్తవ స్త్రీలూ కూడా కోరేదే. రంజాన్‌లో ఉపవాసం ఉండగలిగినవారికి మాత్రం సహరీ వేళకు ఇంత అన్నం, డాక్టరును అడిగి మందుల వేళల సర్దుబాటు. వృద్ధులకు, రోగులకు ధర్మంలోనే మినహాయింపు ఉన్నదని మనమే వారికి నచ్చజెప్పవలసి వస్తుంటుంది, అది వేరే సంగతి. వీటికి అయ్యే ఖర్చు ఎంత?

ఖర్చు లేకపోయినా ఓపిక కావలసినది భాష విషయంలో. మతిమరుపు వ్యాధి ముదిరినవారిలో తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లి ఒడిలో నేర్చినది మిగలడం వైద్యులు ఎరిగిన విషయమే. తెలంగాణలో మేము చూచిన ఒక పెద్దాయన జీవితమంతా లారీ షెడ్డులో మెకానిక్కుగా తెలుగులో బేరాలు చేసినవాడు. ఇప్పుడు ఆ తెలుగు పోయింది, దక్కనీ మిగిలింది. "మేరేకు పానీ హోనా" అంటాడు. ఆయాకు అర్థం కాదు. గట్టిగా అంటాడు. తిడుతున్నాడని ఆమె అనుకొంటుంది. ఆమెకు తెలిసిన మాట 'నక్కో' ఒక్కటే. అందుచేత ఆయన వద్దనడం తెలిసేది, కావాలనడం తెలిసేది కాదు. ఆయనకు ఆ ఆశ్రమంలో 'గొడవ మనిషి' అని పేరు పడింది, రాత్రిళ్లు నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టేవారు. మా బృందంలోని ఒక ఉపాధ్యాయురాలు నీళ్లు, నొప్పి, చలి, ఆకలి వంటి పదిహేను మాటలు తెలుగు లిపిలో రాసి మంచం తలాపున అంటించింది. తరువాతి నెల వెళ్లినప్పుడు నిద్రమాత్ర మానేశామని చెప్పారు.

ఇక నిర్వాహకుల రెండవ జవాబు: "మాకేమీ లేదండీ, ఉన్నవాళ్లు ఒప్పుకోరు." దీనినే మేము ఎక్కువగా పట్టించుకొంటున్నాము. ఎందుకంటే ఇది ఒక్కొక్కసారి నిజం. ఎనభై ఏండ్ల మనిషి మనసును మార్చడం ఎవరి తరం? పైగా డబ్బు కట్టి ఉంటున్నవారు. ఈ చిక్కు మన దేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలో ఇదే వాదన న్యాయస్థానం దాకా వెళ్లింది.

ఇండియానా రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్ అనే ఊరిలో వృద్ధుల సంరక్షణ గృహం ఒకటి. అక్కడ ఉంటున్న ఒక శ్వేతజాతి వృద్ధురాలు తన గదిలోకి నల్లజాతి సహాయకులు రాకూడదన్నది. యాజమాన్యం సరేనన్నది. ప్రతిరోజూ పని కేటాయించే కాగితం మీదనే ఆ సంగతి రాసి ఇచ్చేది. అక్కడ పనిచేసే నల్లజాతి సహాయకురాలు ఒకనాడు ఆ వృద్ధురాలు లేవలేక నేలమీద పడి ఉండటం చూచింది. నియమం ప్రకారం లేవనెత్తరాదు. తెల్లవారెవరైనా దొరుకుతారేమోనని ఆ భవనమంతా వెదకవలసి వచ్చింది. ఆమె తరువాత దావా వేసింది. రోగి హక్కులను, రోగి ఏకాంతాన్ని గౌరవించామని యాజమాన్యం వాదించింది. 2010లో ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. స్నానానికి, బట్టలు మార్చడానికి స్త్రీకి స్త్రీయే కావాలనడం ఏకాంతానికి సంబంధించినది, దానిని మన్నించవచ్చు. ఒంటి రంగును బట్టి మనుషులను పంచడం ఆ కోవలోకి రాదు అన్నది ఆ తీర్పులోని విభజన.

సోదరీమణులు ఈ విభజనను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాము. ఆడమనిషి కావాలని మనం అడిగినప్పుడు 'మీరూ వివక్షే చూపుతున్నారు కదా' అనేవారు ఉన్నారు. అది సిగ్గుకు, మర్యాదకు చెందిన కోరిక. ఇది అవమానం. రెండూ ఒకటి కావు.

ఆ తీర్పులో మాకు మరింత నచ్చిన భాగం ఉన్నది. యాజమాన్యం ఏమి చేసి ఉండవలసిందో కూడా న్యాయస్థానం చెప్పింది. చేర్చుకొనేటప్పుడే 'మా వద్ద వివక్ష లేదు' అని తెలిపి, అందుకు సమ్మతిస్తున్నట్లు రాయించుకొని ఉండవచ్చు. చేరిన తరువాత నచ్చజెప్పి ఉండవచ్చు. అవమానం ఎదురైతే మా వద్దకు రండి, మేము అండగా ఉంటామని ఉద్యోగులకు చెప్పి ఉండవచ్చు. మనసు మార్చమని ఎవరూ అనలేదు. దరఖాస్తు కాగితం మార్చమన్నారు.

అమెరికా చరిత్రలోనే దీనికి మరొక ముడి ఉన్నది. 1964 పౌర హక్కుల చట్టం, ప్రభుత్వ ధనం పుచ్చుకొనే సంస్థ ఏదీ జాతిని, వర్ణాన్ని బట్టి వివక్ష చూపరాదన్నది. 1966 జులై 1న మెడికేర్ అనే వృద్ధుల ఆరోగ్య బీమా పథకం అమలులోకి వచ్చింది. అప్పటికి దక్షిణ రాష్ట్రాల ఆసుపత్రులలో నల్లవారికి వేరు వార్డులు ఉండేవి. వార్డులు కలిపితేనే డబ్బు అని ప్రభుత్వం పట్టుబట్టింది. ఎన్ని ధర్మోపన్యాసాలకూ కలవని వార్డులు, కొద్ది నెలలలో, వేయికి పైగా ఆసుపత్రులలో కలిసిపోయాయి. వృద్ధుల సంరక్షణ గృహాల విషయంలో మాత్రం అంతటి పట్టుదల చూపలేదు. వేర్పాటు అక్కడ చాలా కాలం అలాగే సాగింది. అదే దేశం, అదే చట్టం, అవే సంవత్సరాలు. తేడా అంతా తనిఖీలోనూ డబ్బుకు పెట్టిన షరతులోనూ ఉన్నది.

మన దేశంలో ఆ షరతు ఎక్కడ పెట్టవచ్చునో చూద్దాము. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులోని 19వ సెక్షను, జిల్లాకు కనీసం ఒకటి చొప్పున మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయమిచ్చే గృహాలను రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చునన్నది. 'నెలకొల్పవలెను' అనలేదు, 'వచ్చును' అన్నది. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని ప్రభుత్వాలు తలదాచుకొన్నాయో! అదే సెక్షనులోని రెండవ భాగం, ఆ గృహాల నిర్వహణకు పథకం, ప్రమాణాలు నిర్దేశించే అధికారాన్ని రాష్ట్రానికి ఇచ్చింది. అంటే ప్రభుత్వ గృహాల విషయంలో 'మతము, కులము, భాషను బట్టి ప్రవేశం నిరాకరించరాదు' అని రాయడానికి శాసనసభ మళ్లీ కూర్చోనక్కరలేదు. స్వచ్ఛంద సంస్థలకు వృద్ధ గృహాల కోసం కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద గ్రాంటు ఇస్తున్నది. గ్రాంటు ఉత్తరువులోనే ఆ షరతు, దానికి తగిన తనిఖీ ఉండాలని అడగడం మన హక్కు. ప్రైవేటు సంరక్షణ గృహాలను నమోదు చేయించి ప్రమాణాలు విధించేందుకు 2019లో ఒక సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది గాని, ఆ సభ కాలం ముగియడంతో అదీ మురిగిపోయింది.

ఇక్కడ ఎవరైనా లేచి, 'కుల సంఘాలవారు తమవారి కోసం కట్టుకొన్న ఆశ్రమాలు ఉన్నాయి కదా, వాటిని ఏమంటారు?' అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం తమవారికే సభ్యత్వం ఇచ్చుకోవడం చెల్లుతుందని 2005లో సుప్రీం కోర్టు అన్నది. మరొకవంక 2011లో అదే కోర్టు, రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ ఖండంలో ఉన్న 'దుకాణాలు' అన్న మాటకు సేవలనందించే సంస్థలు కూడా వచ్చే విస్తృతార్థం చెప్పింది. ఈ రెండింటి నడుమ వృద్ధాశ్రమం ఎటు పడుతుందన్నది వకీళ్లు వాదించుకోవలసినది. మా అభిప్రాయం మాత్రం ఇది: తమ సొమ్ముతో తమవారిని చూచుకొంటే చూచుకోనిద్దాం. ప్రభుత్వ స్థలమో, గ్రాంటో, పన్ను రాయితీయో పుచ్చుకొని, వీధిలో 'వృద్ధాశ్రమం' అని బోర్డు కట్టినవారు లోపల పేరు అడగరాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే తన 13వ సెక్షనులో, ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేయడానికి ఆ తరువాత ఏర్పడిన ధార్మిక ట్రస్టుకు పన్ను మినహాయింపు లేదన్నది. ఈ సూత్రం కొత్తది కాదు.

ఈ సూత్రం మన గడప ముందు కూడా ఆగదు. మస్జిదు కమిటీల పెద్దలు ఇక కాస్త ఓర్చుకోవాలి.

"మనవాళ్లు తల్లిదండ్రులను ఆశ్రమాలకు పంపరు" అని సభలలో గొప్పగా చెప్పుకొంటాము. నిర్వాహకుల మూడవ జవాబు కూడా ఇదే: "మీవాళ్లు రారు కదండీ!" తల్లిదండ్రుల ఎదుట విసుగు మాట కూడా పలకరాదని మన ధర్మం చెబుతున్నది, నిజమే. కాని బిడ్డలు లేనివారు? సౌదీలో కొడుకు జీతం ఆగిపోయినవారు? భర్త విడిచిన, తమ్ముళ్లు తలుపు వేసిన స్త్రీలు? మనం చెప్పుకొనే ఆ గొప్పే, ఆ వృద్ధురాలిని నాలుగేండ్లు నోరు మెదపనీయలేదు. ఆమె భయపడినది ఆశ్రమం వారికి మాత్రమే కాదు. ఊరిలో తెలిస్తే మనవాళ్లు ఏమంటారోనని కూడా.

మనవాళ్లే పెట్టుకొన్న చిన్న ఆశ్రమం ఒకదానికి కూడా వెళ్లాము. శుభ్రంగా ఉన్నది. అక్కడ నూర్‌బాషా కుటుంబానికి చెందిన ఒక ముసలమ్మ ఉన్నది. ఆమె మాతృభాష తెలుగు. దూదేకులవారి ఇండ్లలో అది తరతరాలుగా ఉన్నదే. మిగిలినవారు ఉర్దూలో మాట్లాడుకొంటారు. ఈమెకు అంతంత మాత్రం వచ్చు. 'నీకు నమాజైనా వచ్చునా?' అని ఒకరు నవ్వుతారు. 'మీ పెండ్లిలో తాళి కడతారట కదా' అని మరొకరు. దస్తర్‌ఖాన్ మీద ఆమె పళ్లెం ఎప్పుడూ అంచున ఉంటుంది. "అక్కడ తురకదాన్నని రానియ్యరు, ఇక్కడ తురకదాన్ని కానంటారు" అన్నది మాతో. షెడ్డు మెకానిక్కుకు తెలుగు లిపిలో దక్కనీ మాటలు రాసి అంటించిన మా ఉపాధ్యాయురాలికి ఇక్కడ ఏమి రాసి అంటించాలో తోచలేదు.

కాబట్టి 'మన వృద్ధాశ్రమం మనమే కట్టుకొందాం' అని ఎవరైనా అంటే, మేము చందా ఇస్తాము. రాజ్యాంగం 26వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. ఖాళీగా ఉన్న వక్ఫ్ స్థలాలూ ఉన్నవి. కాని ఆ తలుపు ఎవరికి తెరుస్తారన్నది మొదటి రోజే కాగితం మీద రాయాలి. సికింద్రాబాదులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే కాథలిక్ సన్యాసినులు నిరుపేద వృద్ధులను మతం అడగకుండా చూచుకొంటున్నారు. అక్కడ శిలువ ఉన్నది, ప్రార్థన ఉన్నది. తమది తాము వదులుకోకుండానే ఇతరులను ఉంచుకోవచ్చునని వారిని చూస్తే తెలుస్తుంది. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద చెరువులో నిలబడి, ఎవరి చేతి రొట్టెనో ఎవరో పుచ్చుకొనే జిల్లాలు మనవి. అక్కడ పేరు అడిగి రొట్టె ఇచ్చినవారిని మేము చూడలేదు.

చేయవలసిన పని కొంత ఈ సభలోనే ఉన్నది. జిల్లా కలెక్టరు గారికి ఇవ్వదలచిన వినతిపత్రం ద్వారం దగ్గర బల్లమీద పెట్టాము. 19వ సెక్షను కింద నియమాలలో వివక్ష నిషేధాన్ని చేర్చమనీ, గ్రాంటు తనిఖీలో ఆయాలతో విడిగా మాట్లాడమనీ అందులో కోరాము. దానితోపాటు చేరికల దరఖాస్తు నమూనా ఒకటి తయారు చేశాము. అందులో మతం అన్న గడి తీసివేశాము. దానికి బదులు నాలుగు ప్రశ్నలు పెట్టాము: జబ్బు చేసినప్పుడు మీ నోట ఏ భాష వస్తుంది? ఏమి తినరు? స్నానానికి ఎవరి సహాయం కావాలి? కాలం చేస్తే ఎవరికి కబురు చేయాలి, ఏ పద్ధతిన సాగనంపాలి? ఆ కింద, తోటివారిని, పనివారిని కులమతాల పేరిట అవమానించనని చేరేవారి సంతకం. ఆ కోస్తా ఆశ్రమం మేనేజరు దీనిని వాడుతున్నారు. నీళ్ల గ్లాసుల పని ఇప్పుడు వంతులవారీగా అందరు ఆయాలకూ వేస్తున్నారు. ఇద్దరు వృద్ధులు అలిగి వేరే ఆశ్రమానికి వెళ్లిపోయారని, ట్రస్టీలలో ఒకరు ఆయనను నిలదీశారని కూడా చెప్పారు. ఆయన ఉద్యోగం ఏమవుతుందోనని మాకు బెంగగానే ఉన్నది. ఆ ట్రస్టీ గారిని కలిసి మాట్లాడడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాము. ఈ సభలోని హిందూ మిత్రులు ఒకరిద్దరు మాతో రాగలిగితే మేలు.

ఇంట్లో గాని, ఆశ్రమంలో గాని వృద్ధులకు ఇబ్బంది ఎదురైతే 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరు ఉన్నది, రాసుకోండి. మగ్రిబ్ వేళ అవుతున్నది.